గింజ పగలకుండా నూనె కొలిచినట్టు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

వైద్య సాయం కింద ఈ ఏడాది వచ్చిన సొమ్మును లివరు జబ్బుల మీద ఖర్చు పెడదామని కొందరు దాతలు అన్నారు. పేదవాళ్లకు ఎంఆర్ఐ స్కానింగ్ చేయిద్దామన్నారు. దాని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. నేను డాక్టరును కాను. బీఎస్సీ, బీఈడీ చదివి, ముప్పై ఏళ్లుగా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పుకుంటున్న బడిపంతులును. కాబట్టి వైద్యం చెప్పను, కొలత గురించి చెబుతాను. కొలత పంతులు పనే కదా.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా మామీ అనుమతి తీసుకునే చెబుతున్నాను.

మా చిన్న మామూ మండీలో గుమాస్తాగా చేసేవాడు. శెనక్కాయల బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి, వొలిచి, పప్పును గోటితో నొక్కి చూసి, "నూనె బాగుంది" అనో "ఇది తాలు సరుకు" అనో అనేవాడు. ఆ మాట మీద వ్యాపారులు ధర కట్టేవాళ్లు. ఆయన బీడీ ముట్టి ఎరగడు. మందు సంగతి చెప్పనే అక్కర్లేదు. మనిషి సన్నమే, పొట్ట మాత్రం కాస్త ముందుకు ఉండేది. షుగరు ఉండేది. 2016లో కళ్లు పచ్చబడి, కడుపులో నీరు చేరి, రక్తం కక్కుకుని, 58 ఏళ్లకే పోయాడు. లివరు గట్టిపడిపోయిందన్నారు.

జనాజా దగ్గరే ఎవరో అన్నారు: "లోపల్లోపల తాగేవాడేమో. లేకుంటే లివరెందుకు పోతుంది?" ఆ మాట ఆడవాళ్లున్న గది దాకా పోయింది. మామీ ఆసుపత్రి కాగితాలన్నీ ఒక సంచిలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది. కూతురికి సంబంధాలు వచ్చినప్పుడు, "మీ ఆయన ఎట్లా పోయాడు?" అని అడిగితే "గుండెపోటు" అని చెప్పింది. ఒక్క చుక్క తాగని మనిషి చావును ఆయన భార్య అబద్ధం చెప్పి దాచుకోవాల్సి వచ్చింది. నేను ఇవాళ ఇక్కడ నిలబడింది అందుకే.

తాగనివాళ్లకూ లివరు పాడవుతుంది. లివరు కణాల్లో కొవ్వు పేరుకోవడం దానికి మొదటి మెట్టు. మనం తిన్న అన్నం, చక్కెర ఒంటికి అవసరమైనదాని కంటే ఎక్కువైతే, ఆ మిగులును లివరు కొవ్వుగా మారుస్తుంది. ఒంటిలో ఇన్సులిన్ సరిగా పనిచేయనివాళ్లలో ఇది మరీ ఎక్కువ. లివరులో కొవ్వు 5 శాతం దాటితే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు. చాలామందికి అది అక్కడితోనే ఆగిపోతుంది. కొందరిలో వాపు వస్తుంది. వాపు వచ్చినచోట మచ్చలు కట్టి, ఏళ్ల తరబడి అవి పెరిగి, చివరకు లివరంతా గట్టిపడుతుంది. దీన్నే సిర్రోసిస్ అంటారు. అప్పటిదాకా నొప్పి ఉండదు, కంటికి ఏమీ కనిపించదు.

"మనది కరువు సీమ. ఇక్కడ కొవ్వేమిటి మాస్టారూ?" అని మీరు అడగొచ్చు. నేనూ అదే అనుకున్నాను. పుణేలోని కేఈఎం ఆసుపత్రి పరిశోధకుడు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లోని తన సహ పరిశోధకుడు యడ్కిన్‌తో కలిసి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరూ సమానమే, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఆ తెల్లాయనకు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం. చూపుకు సన్నంగా ఉన్నా లోపల కొవ్వుండే ఒంటితీరు మనవాళ్లది. అందుకే మన దేశంలో మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు.

మన తిండి, పని కూడా మారాయి. నా చిన్నప్పుడు ఇంట్లో రాగి సంగటి, జొన్నరొట్టె. వరి అన్నం పండగనాడే. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చాక పేదవాడి పొయ్యి మీదకు రోజూ అన్నం వచ్చింది. ఆకలి తీరింది, దాన్ని నేను తప్పు పట్టను. అయితే అప్పుడు మనం మడకల వెంట, బావుల దగ్గర, మండీల్లో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లం. ఇప్పుడు ఆటో నడుపుతూ, అంగట్లో కూర్చుని, కుట్టుమిషన్ ముందు కూర్చుని మూడు పూటలా అదే అన్నం తింటున్నాం. పైగా రోజుకు ఆరు తీపి చాయ్‌లు. ఎక్కువసేపు కూర్చుని పనిచేసేవాళ్ల గతి ఏమిటో హైదరాబాద్‌లో చూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించగా 84 శాతం మంది లివరులో కొవ్వు కనిపించింది. ఆ ఫలితాలు 2025లో అచ్చయ్యాయి. మన పిల్లలు ఎందరో ఆ ఉద్యోగాల్లోనే ఉన్నారు.

ఇక కొలత సంగతికి వస్తాను.

మామూ గోటితో చేసిన పనిని ప్రయోగశాలలో చేయాలంటే, ఒకప్పుడు గింజను పొడి చేసి, ద్రావకంలో నానబెట్టి, నూనెను లాగి తూచేవాళ్లు. లెక్క సరిగానే వచ్చేది, కాని గింజ పోయేది. కొత్త వంగడం తయారుచేసేవాడికి ఆ గింజే కావాలి, దాన్ని మళ్లీ విత్తాలి. అందుకని 1980ల్లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు శెనగగింజలను అయస్కాంతం మధ్య పెట్టి, రేడియో తరంగాలు పంపి, గింజ పగలకుండానే అందులో నూనె ఎంతో కొలిచే పద్ధతిని వాడారు. నూనెలో హైడ్రోజన్ ఉంటుంది. హైడ్రోజన్ కేంద్రకం చిన్న అయస్కాంతం లాంటిది. బయటి అయస్కాంతంలో పెట్టి రేడియో తరంగంతో కదిపితే అది తిరిగి సంకేతం ఇస్తుంది. సంకేతం ఎంత బలంగా ఉంటే నూనె అంత ఉన్నట్టు.

ఎంఆర్ఐ స్కానింగ్‌లో జరిగేదీ ఇదే. అక్కడ గింజ, ఇక్కడ మనిషి. మన ఊళ్లలో వాడే యంత్రాల్లో ఎక్కువగా ఉండే 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంత బలానికి ముప్పై వేల రెట్ల పైమాట. ఎక్స్‌రే కిరణాలేవీ ఉండవు. ఒంట్లో పేస్‌మేకర్ గాని, ఇనుప ముక్క గాని ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. నీటిలోనూ హైడ్రోజన్ ఉంటుంది. గింజనైతే బాగా ఆరబెట్టి, తేమ పోగొట్టి కొలవొచ్చు. మనిషి లివరును ఆరబెట్టలేం కదా! వచ్చే సంకేతంలో నీటిదెంత, కొవ్వుదెంత అని విడదీయాలి. దానికి 1984లో థామస్ డిక్సన్ అనే శాస్త్రవేత్త ఒక దారి చూపించాడు.

మా బడి మైదానంలో ఇద్దరు పిల్లలు గుండ్రంగా పరుగెత్తుతున్నారనుకోండి. ఒకడి వేగం రవ్వంత తక్కువ. ఇద్దరూ ఒకే గీత దగ్గర మొదలుపెడతారు. కొంతసేపటికి ఒకడు గీత దగ్గరుంటే రెండోవాడు సరిగ్గా ఎదురు వైపుంటాడు. ఇంకా అంతసేపు ఆగితే మళ్లీ ఇద్దరూ కలుస్తారు. 1.5 టెస్లా యంత్రంలో నీటిలోని హైడ్రోజన్ సెకనుకు సుమారు 6 కోట్ల 40 లక్షల చుట్లు తిరుగుతుంది. కొవ్వులోని హైడ్రోజన్ అంతకంటే ఓ 220 చుట్లు తక్కువ తిరుగుతుంది. కాబట్టి సెకనులో వెయ్యో వంతును ఒక మిల్లీసెకను అంటే, 2.3 మిల్లీసెకన్ల దగ్గర రెండూ ఎదురెదురుగా ఉంటాయి, 4.6 దగ్గర కలుస్తాయి. కలిసినప్పుడు రెండు సంకేతాలూ కూడుకుంటాయి. ఎదురెదురైనప్పుడు ఒకదాని నుంచి ఒకటి తీసివేత అవుతుంది.

కలిసినప్పుడు సంకేతం 100 వచ్చింది, ఎదురెదురైనప్పుడు 64 వచ్చింది అనుకుందాం. నీరు, కొవ్వు కూడితే 100. నీటిలోంచి కొవ్వు తీసేస్తే 64. పదో తరగతి పిల్లవాడు చేసే లెక్కే ఇది. నీరు 82, కొవ్వు 18. అంటే లివరులో కొవ్వు 18 శాతం.

నిజం యంత్రంలో లెక్క ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. లివరులో ఇనుము నిల్వ ఎక్కువైతే సంకేతం తొందరగా తగ్గిపోయి లెక్క తప్పుతుంది. అందుకని రెండుసార్లతో సరిపెట్టకుండా సాధారణంగా ఆరు సంకేతాలు తీసి ఆ తప్పును దిద్దుతారు. ఇదంతా ఓ ఇరవై సెకన్లు ఊపిరి బిగపట్టేలోపు అయిపోతుంది. సూదితో లివరు ముక్క తీసి చూసే పాత పరీక్షలో చేతికొచ్చేది మొత్తం లివరులో సుమారు యాభై వేలవ వంతు. బస్తా మొత్తానికి ఒక్క గింజ చూసి ధర కట్టినట్టు. ఎంఆర్ఐ లివరంతా చూస్తుంది. మామూలు అల్ట్రాసౌండ్‌లో "కొవ్వు ఉంది" అని చెబుతారు గాని, 20 శాతం లోపు ఉంటే చాలాసార్లు అసలు పసిగట్టలేరు.

ఇందాక చెప్పిన 18 నేను కల్పించిన అంకె కాదు. అది నా అంకె. రెండేళ్ల కిందట బెంగళూరులో డాక్టరు చూడమంటే చేయించుకున్నాను. మామూ గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 78 కిలోలున్న నేను ఏడాదిలో 72కు వచ్చాను. చాయ్‌లో చక్కెర మానేశాను. రాత్రి అన్నం సగానికి తగ్గించాను. బడికి నడిచి వెళ్తున్నాను. రంజాన్‌లో ఇఫ్తార్‌కు సమోసాలు, షర్బత్‌లు పక్కన పెట్టి ఖర్జూరం, పండ్లు, శెనగల గుగ్గిళ్లతో సరిపెట్టుకున్నాను. పగలంతా కడుపు మాడ్చుకుని సాయంత్రం రెండింతలు తింటే ఆ ఉపవాసం వల్ల లివరుకు ఒరిగేది ఏమీ లేదు. షుగరు మందులు వాడేవాళ్లు రోజాకు ముందు డాక్టరును అడగాలి. ఏడాది తర్వాత మళ్లీ కొలిస్తే 100కు 78 వచ్చింది. లెక్క మీరే చేసుకోండి, కొవ్వు 11 శాతం.

ఇది నా గొప్ప కాదు. 2015లో క్యూబా దేశంలో 293 మంది రోగులను ఏడాది పాటు గమనించారు. ఒంటి బరువులో పదో వంతు తగ్గినవాళ్లలో 90 శాతం మందికి లివరు వాపు పోయింది. ఈ జబ్బుకు మొట్టమొదటి మందును అమెరికా ప్రభుత్వం 2024 మార్చిలో గాని అనుమతించలేదు. మందు వచ్చినా బరువు తగ్గడమే మొదటి వైద్యమని డాక్టర్లు చెబుతున్నారు.

ఇంత చెప్పాను కాబట్టి "మాస్టారు ఎంఆర్ఐకే ఓటేస్తాడు" అనుకుంటున్నారేమో. లేదు. నా మనవి వేరు.

మామూ పోయింది లివరులోని కొవ్వు వల్ల కాదు, మచ్చల వల్ల. నేను చెప్పిన స్కానింగ్ కొవ్వును కొలుస్తుంది, మచ్చను కొలవదు. పైగా లివరు పూర్తిగా గట్టిపడ్డాక కొవ్వు తగ్గిపోవడం కూడా ఉంది. అప్పుడు కొలిస్తే చిన్న అంకె వస్తుంది, మనిషి మాత్రం ప్రమాదంలో ఉంటాడు. ముందు పట్టుకోవాల్సింది ఎవరికి కొవ్వుందో కాదు, ఎవరికి మచ్చ కడుతోందో. దానికి మొదటి జల్లెడ ఒక చిన్న లెక్క. 2006లో వచ్చింది. పేరు ఫిబ్-4. దానికి కావాల్సినవి నాలుగు అంకెలే: వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు. ఏ చిన్న ల్యాబులోనైనా చేసే రక్తపరీక్షలే.

వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్లను వేలల్లో రాసి, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 1.3 కంటే తక్కువ వస్తే మచ్చ ముదిరే అవకాశం తక్కువ. 2.67 దాటితే వెంటనే లివరు డాక్టరును కలవాలి. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ చేయించాలి. ఇది తీర్పు కాదు, జల్లెడ. వయసు మరీ తక్కువైనా, మరీ పెద్దదైనా డాక్టరు దాన్ని వేరుగా చదువుతాడు.

ఈ మాట మీ ముందు చెప్పాల్సి వస్తుందని తెలిశాక మామీని అడిగి ఆ ట్రంకుపెట్టె తెరిపించాను. సంచిలో 2013 నాటి రక్తపరీక్ష కాగితం ఒకటి దొరికింది. షుగరు కోసం వెళ్లినప్పుడు ఒక ఆసుపత్రిలో చేసింది. అప్పటికి మామూకు 55 ఏళ్లు. ఎస్‌జీఓటీ 70. ఎస్‌జీపీటీ 49. ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలు. అక్కడే కూర్చుని పెన్సిలుతో వేశాను. 55ను 70తో గుణిస్తే 3850. 49కి వర్గమూలం 7, దాన్ని 120తో గుణిస్తే 840. భాగిస్తే 4.58.

పోవడానికి మూడేళ్ల ముందే ఆ కాగితం మీద అంతా ఉంది. స్కానింగ్ అక్కర్లేదు, బెంగళూరు అక్కర్లేదు. పెన్సిలుంటే చాలు. ఆ కాగితాన్ని అందరం చూశాం, షుగరు అంకె ఒక్కటే చదివాం. నేనూ చూశాను. భౌతికశాస్త్రం పంతులును, నాకూ తెలియలేదు.

కాబట్టి దాతలకు నా విన్నపం ఇది. ఇది జకాత్, సదఖా సొమ్ము. మన చేతిలో అమానత్. ఒక్క ఎంఆర్ఐకి అయ్యే వేల రూపాయలతో ఎందరికో రక్తపరీక్షలు అవుతాయి. మొదట నడుము టేపు, బరువు కాటా, షుగరు పరీక్ష. నడుము దాటినవాళ్లకు, షుగరున్నవాళ్లకు రక్తపరీక్ష. లెక్క వేసే పని మా బడి పిల్లలు చేస్తారు, నేను దగ్గరుండి చూస్తాను. జల్లెడలో మిగిలినవాళ్లకు ఫైబ్రోస్కాన్ ఖర్చు, బస్సు చార్జీ సంఘం ఇవ్వాలి. డాక్టరు రాసిచ్చినవాళ్లకే ఎంఆర్ఐ. కేంద్ర ప్రభుత్వం కూడా 2021 ఫిబ్రవరిలో ఫ్యాటీ లివర్‌ను షుగరు, బీపీలతో పాటు జాతీయ కార్యక్రమంలో చేర్చింది. కనుక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వాళ్లను కలుపుకుని పోదాం.

చివరగా ఒక మాట. "స్కానింగ్ చేయిస్తే మీ మామూ తాగలేదని రుజువయ్యేది కదా" అని నాతో ఒకాయన అన్నాడు. కాదు. అన్నం నుంచి వచ్చిన కొవ్వుకూ, సారాయి నుంచి వచ్చిన కొవ్వుకూ ఆ యంత్రం తేడా చెప్పదు. అది కొలత చెబుతుందే గాని సాక్ష్యం చెప్పదు. 2023లో ప్రపంచంలోని లివరు డాక్టర్లు ఈ జబ్బుకు పాత పేరు మార్చారు. పాత పేరులోనే "తాగుడు వల్ల కానిది" అనే మాట ఉండేది. జబ్బు పేరులో తాగుడును ఎత్తడమే రోగికి అవమానమని చాలామంది అన్నారు. డాక్టర్లు ఒక మాట మార్చుకున్నారు. మనం మన నోరు మార్చుకోలేమా? బద్‌గుమానీని దూరం పెట్టమని మనకు చిన్నప్పటి నుంచీ చెప్పారు కదా. తాగి పాడు చేసుకున్నవాడు వచ్చినా సరే, మన శిబిరంలో నడుముకు టేపు చుట్టే చెయ్యి ముందు జబ్బును చూడాలి. ఎవరి అంకె వాళ్లకే చెప్పాలి, మసీదు మెట్ల మీద కాదు.

నేను వేసిన లెక్కను మామీకి చూపించాను. ఆమె చాలాసేపు ఆ కాగితం వైపు చూసి ఒక్కటే అడిగింది: "ఈ లెక్క ఇంత చిన్నదైతే, అప్పుడు ఎవరూ ఎందుకు వేయలేదు బేటా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మన ఊళ్లో ఇంకో ఇంట్లో వినబడకుండా చేయడం మాత్రం మన చేతిలో ఉంది. ఆ చేతులు మీవి.

సెలవు. ఖుదా హాఫిజ్.